ఎ, బి, సి, డి... ఇందులో మనోళ్లెవరప్పా?

2024 సెప్టెంబరు 5. అనంతపురం ఆర్డీటీ స్టేడియం.

"ఇందులో మనోళ్లెవరప్పా?"

మొదటి బంతి పడకముందే మామ వేసిన మొదటి ప్రశ్న ఇది. పక్కన కూర్చున్న మేనల్లుడు తల గోక్కున్నాడు. డిగ్రీ చదివే కుర్రాడు. క్రికెట్ అంటే చెవి కోసుకుంటాడు. భారత జట్టు ఎక్కడ ఎవరితో ఆడినా స్కోరు నోటికి చెప్పేస్తాడు. కానీ ఈ ప్రశ్నకు మాత్రం అతని దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆవేళ ఆడుతున్నది ఆంధ్రా కాదు, కర్ణాటక కాదు, సౌత్ జోన్ కూడా కాదు. ఒకటి ఇండియా 'సి'. రెండోది ఇండియా 'డి'.

"రెండూ ఇండియానే మామా."

"అట్లయితే గెలిచేదీ మనమే, ఓడేదీ మనమే. ఇంక సూసేదేముంది?"

నవ్వులాటకు అన్నా, ఆ మాటలో పెద్ద చర్చే ఉంది. ఆ ఏడాది దులీప్ ట్రోఫీ చూసిన వాళ్లంతా ఏదో ఒక రూపంలో దాన్నే మాట్లాడుకున్నారు. పేరుకు ఊరు లేని జట్టును ఎలా అభిమానించాలి? ఊరి పేరు ఉన్న జట్టయితే ఎంపిక సక్రమంగా జరుగుతుందా? అసలు పోటీ పెట్టేది ఎవరి కోసం... సెలక్టర్ల కోసమా, చూసేవాళ్ల కోసమా?

అనంతపురం ఇలాంటి చర్చకు వేదిక కావడమే ఒక విశేషం. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే నేల ఇది. దేశంలో అతి తక్కువ వర్షపాతం పొందే ప్రాంతాల జాబితాలో ఎప్పుడూ ముందుంటుంది. అలాంటి చోటికి రుతురాజ్ గైక్వాడ్, శ్రేయస్ అయ్యర్, అక్షర్ పటేల్, అర్ష్‌దీప్ సింగ్ వచ్చారు. తరవాత ఇషాన్ కిషన్, సంజు శాంసన్, తిలక్ వర్మ వచ్చారు. టీవీలో తప్ప చూడని మనుషులు కళ్ల ముందు నడుస్తుంటే జనం ఆగుతారా? ఓ కుర్రాడైతే ఏకంగా మైదానంలోకి ఉరికి రుతురాజ్ కాళ్లకు దండం పెట్టేశాడు.

టెస్టు మ్యాచ్ జరిగే ఏ ఊళ్లోనైనా జనం వాన రాకూడదని మొక్కుకుంటారు. అనంతపురంలో అలా మొక్కే ధైర్యం ఎవరికుంది? చేలో చెనక్కాయ ఊడలు దిగే వేళ అది. మామ ఆ చేను వదిలిపెట్టే వచ్చాడు. మాటిమాటికీ ఆకాశం వంక చూస్తున్నాడు. మబ్బు పడితే మ్యాచ్‌కు నష్టం, పట్టకపోతే తనకు నష్టం.

ఇక్కడుంటే ఇక్కడోడే

ఆర్డీటీ అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. స్పెయిన్‌లో పుట్టి 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, భార్య యానీతో కలిసి మొదలుపెట్టిన సంస్థ. బడులు, ఆసుపత్రులు, ఇళ్లతో పాటు ఆటస్థలాలూ కట్టింది. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ అన్నీ అక్కడ నేర్పుతారు. రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో పెట్టిన టెన్నిస్ బడి కూడా అక్కడే ఉంది. 2024లో దులీప్ ట్రోఫీ మొత్తం 6 మ్యాచ్‌లైతే, ఒకటి మాత్రమే బెంగళూరులో జరిగింది. మిగతా 5 అనంతపురంలోనే.

పోటీ తీరు ఇదీ. నాలుగు జట్లు. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కో మ్యాచ్ ఆడుతుంది. సెమీస్ లేదు, ఫైనల్ లేదు. ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే కప్పు వాళ్లది. గెలిస్తే 6. డ్రా అయితే తొలి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం సంపాదించిన జట్టుకు 3, రెండోదానికి 1. జట్లను ఎంచింది జోన్ల పెద్దలు కాదు, నేరుగా జాతీయ సెలక్టర్లే.

"సరే, మన పిల్లోళ్లు ఏ జట్టులో ఉండారో అది చెప్పు" అన్నాడు మామ.

"డిలో ఇద్దరుండారు మామా. కోన శ్రీకర్ భరత్, రికీ భుయ్."

"భుయ్ మనోడెట్లయినాడు?"

"పుట్టింది భోపాల్‌లో. ఆడేది మాత్రం మన ఆంధ్రాకే."

"ఫెర్రర్ సారు మాత్రం యాడ పుట్టినాడు? ఇక్కడుంటే ఇక్కడోడే. పో, మన జట్టు డి."

అలా తేలింది లెక్క. పాపం, మామ చెయ్యి మంచిది కాదు. ఆ మ్యాచ్‌లో డి మొదట 164కే ఆలౌటైంది. అందులో 86 అక్షర్ పటేల్ ఒక్కడివే. రెండో ఇన్నింగ్స్‌లో సి స్పిన్నర్ మానవ్ సుతార్ 49 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. నాలుగు రోజుల మ్యాచ్ మూడో రోజే ముగిసింది. సి నాలుగు వికెట్ల తేడాతో గెలిచింది.

మూడు పేపర్ల పరీక్ష... ఫలితాలు ఒక పేపరుకే!

అసలు గొడవ తరవాత మొదలైంది. సెప్టెంబరు 8న బంగ్లాదేశ్‌తో తొలి టెస్టుకు భారత జట్టును ప్రకటించారు. దులీప్‌లో అప్పటికి ఒక్క రౌండే అయింది. ఇంకా రెండున్నాయి. ఎ జట్టు నుంచి కెప్టెన్ శుభ్‌మన్ గిల్‌తో పాటు కేఎల్ రాహుల్, ధ్రువ్ జురెల్, కుల్దీప్ యాదవ్, ఆకాశ్ దీప్ వెళ్లిపోయారు. బి నుంచి యశస్వి జైస్వాల్, రిషబ్ పంత్, డి నుంచి అక్షర్ పటేల్ వెళ్లారు.

"మూడు పేపర్ల పరీక్ష పెట్టి, మొదటి పేపరు అయినంకే రిజల్ట్స్ ఇస్తారా?" అని మామ నిలదీశాడు.

అల్లుడు సెలక్టర్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. టెస్టు సెప్టెంబరు 19న మొదలవుతుంది, జట్టు ముందే కుదరాలి కదా అన్నాడు. ఆస్ట్రేలియా పర్యటన ముందుంది, మిగతా రెండు పేపర్లూ దాని కోసమన్నాడు. సెలక్టర్లు ఒక్క టోర్నీ కాదు, రెండు మూడేళ్ల ఆట చూస్తారన్నాడు. మామ తల ఊపాడు గానీ ఒప్పుకోలేదు.

"పరీక్ష అన్నంక రాసేవాడికి నమ్మకముండల్ల. రాసినా రాయకున్నా ఒకటే అనిపిస్తే ఎవుడు సదువుతాడు?"

మామ ఇంత పట్టుగా ఎందుకు వాదిస్తున్నాడో అల్లుడికి తెలుసు. మామ కూతురికి పదమూడేళ్లు. ఎడమచేత్తో స్పిన్ వేస్తుంది. బడిలో పీఈటీ సారు చూసి, శిక్షణకు పంపమన్నాడు. పంపాలంటే హాస్టలు, బూట్లు, బస్సు చార్జీలు. వాటికంటే పెద్దది... చదువులో పోయే కాలం. చెనక్కాయ పంట మీద బతికే ఇంట్లో అది చిన్న పందెం కాదు. కాబట్టి 'ఎవర్ని ఎట్ల ఎంచుతారు?' అన్నది మామకు కాలక్షేపం కబురు కాదు. ఇంటి సంగతి.

జట్టు ఆఖరు... ఆటగాడు మొదలు

రెండో రౌండులో డి మళ్లీ ఓడింది. ఎ జట్టు 488 పరుగుల లక్ష్యం పెట్టింది. అందులో మన హైదరాబాదీ తిలక్ వర్మ సెంచరీ కూడా ఉంది. డి 301కి ఆలౌటైంది. 186 పరుగుల తేడాతో ఓటమి. కానీ ఆ 301లో 113 రికీ భుయ్‌వి. మూడో రౌండులో బి మీద డి ఎట్టకేలకు గెలిచింది. అదీ మామూలుగా కాదు, 257 పరుగుల తేడాతో. సంజు శాంసన్ మొదటి ఇన్నింగ్స్‌లో సెంచరీ కొడితే, రెండో ఇన్నింగ్స్‌లో భుయ్ 119 నాటౌట్. అర్ష్‌దీప్ 40 పరుగులకే 6 వికెట్లు తీసి పని ముగించాడు.

టోర్నీ అయ్యాక లెక్క చూస్తే ఓ తమాషా తేలింది. జట్ల పట్టికలో డి అట్టడుగున ఉంది. బ్యాట్స్‌మన్ల పట్టికలో మాత్రం అదే డి ఆటగాడు రికీ భుయ్ అందరికంటే పైన ఉన్నాడు. 6 ఇన్నింగ్స్‌ల్లో 359 పరుగులు. అంతకుముందు 2023-24 రంజీ సీజన్లోనూ అత్యధిక పరుగులు అతనివే... 902.

"అయితే ఈసారి ఇండియా జట్టులోకి తీసుకుంటారా?" అన్నాడు మామ ఆశగా.

తీసుకోలేదు. ఆ అక్టోబరులో ఆస్ట్రేలియా వెళ్లిన ఇండియా-ఎ జట్టులో చోటు దక్కింది, అంతే. టెస్టు జట్టులోకి వెళ్లిన తెలుగు కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. అతనూ దులీప్ ఆడాడు, ఇండియా బి తరఫున. పెద్ద స్కోర్లేమీ చేయలేదు. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్‌కు ఆడిన ఆటే అతన్ని సెలక్టర్ల కంట్లో పడేసింది.

"సూసినావా? రాసినోడికి సున్నా, రాయనోడికి ఫస్టు క్లాసు" అని మామ మండిపడ్డాడు. అల్లుడు కూడా ఈసారి ఎదురు చెప్పలేకపోయాడు.

కానీ క్రికెట్ అంత తేలిగ్గా తీర్పు చెప్పనివ్వదు. ఆ నవంబరులో పెర్త్‌లో నితీశ్ తొలి టెస్టు ఆడాడు. డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టాడు. గ్యాలరీలో తండ్రి కన్నీళ్లు పెట్టుకోవడం లోకమంతా చూసింది. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి ఆయన. ఆ పొద్దున అల్లుడు ఫోన్ చేస్తే మామ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒకటే అన్నాడు.

"నాయన ఉజ్జోగం ఇడిసిపెట్టినాడంట కదప్పా..."

సెలక్టర్లు నితీశ్ విషయంలో తప్పు చేయలేదని మెల్‌బోర్న్ చెప్పింది. అంతమాత్రాన భుయ్‌కి అన్యాయం జరగలేదని చెప్పినట్టు కాదు. ఒకరు నెగ్గడం ఇంకొకరు నెగ్గలేదనడానికి సంజాయిషీ కాదు కదా! ఆ టోర్నీలో 16 వికెట్లతో అందరికంటే ముందున్న బౌలర్ అన్షుల్ కంబోజ్. అనంతపురంలో బి మీద 69 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. 2025 జులైలో మాంచెస్టర్‌లో టెస్టు క్యాప్ అందుకున్నాడు. అంటే దులీప్‌లో రాసిన పేపరును ఎవరూ దిద్దరనీ అనలేం.

ఊరి పేరుంటేనే ఊపు

దులీప్ ట్రోఫీ పేరు కుమార్ శ్రీ దులీప్‌సింహ్‌జీది. రంజీ ట్రోఫీకి పేరిచ్చిన రంజిత్‌సింహ్‌జీకి సోదరుడి కొడుకు. ఇద్దరూ ఇంగ్లండ్‌కే టెస్టులాడారు. 1961-62లో ఈ పోటీ మొదలైనప్పుడు జోన్ల వారీగా ఆడేవారు. ఆ తరవాత ఇది మార్చినన్ని వేషాలు ఇంకే టోర్నీ మార్చి ఉండదు. 2002-03లో జోన్లు తీసేసి రంజీ గ్రూపుల పేర్లతో ఐదు జట్లు చేశారు. మరుసటి ఏడాదికే మళ్లీ జోన్లు వచ్చాయి. కొన్నాళ్లు విదేశీ జట్లను అతిథులుగా పిలిచారు. 2016లో జోన్లు మళ్లీ పోయి నీలం, ఎరుపు, ఆకుపచ్చ అంటూ రంగుల జట్లు వచ్చాయి. గులాబీ బంతితో రాత్రిపూట ఆటలూ మొదలయ్యాయి. 2022లో ఆరు జోన్లు. 2023లో మన హనుమ విహారి కెప్టెన్‌గా సౌత్ జోన్ కప్పు గెలిచింది. 2024లో ఎబిసిడిలు. 2025లో మళ్లీ జోన్లు!

ఎందుకిన్నిసార్లు? దేనికుండే ఇబ్బంది దానికుంది కాబట్టి. జోన్ల పద్ధతిలో దక్షిణాది రాష్ట్రాలన్నీ ఒకే జట్టులో ఇమడాలి. కర్ణాటక, తమిళనాడు, హైదరాబాద్, కేరళ ఆటగాళ్లతో పోటీపడి ఆంధ్రా కుర్రాడు చోటు దక్కించుకోవాలి. అదే సమయంలో ఎక్కువ మంది ఆటగాళ్లు లేని జోన్‌లో కాస్త తక్కువ ఆటకే చోటు దొరకొచ్చు. అక్షరాల పద్ధతిలో ఆ తేడా లేదు. దేశంలో మంచివాళ్లనుకున్న వాళ్లందర్నీ నాలుగు కుప్పలు చేస్తారు. ఆట గట్టిగా ఉంటుంది. కానీ ఆ జట్టు నిన్న లేదు, రేపు ఉండదు. దానికోసం ఎవరి గుండె కొట్టుకుంటుంది?

ఈ చిక్కు క్రికెట్‌కే కాదు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ అభిమానులు ఏళ్ల తరబడి ఇదే బాధ పడ్డారు. క్వీన్స్‌ల్యాండ్‌కు, న్యూ సౌత్ వేల్స్‌కు మధ్య పోటీలుండేవి. ఆటగాడు ఏ రాష్ట్రపు క్లబ్బుకు ఆడుతుంటే ఆ రాష్ట్రం తరఫున దిగాలి. డబ్బున్న క్లబ్బులు సిడ్నీలో ఉండేవి. దాంతో క్వీన్స్‌ల్యాండ్‌లో పుట్టి పెరిగినవాళ్లే సిడ్నీకి పోయి, సొంత రాష్ట్రాన్ని చిత్తు చేసి వచ్చేవారు. జనానికి విసుగొచ్చింది. 1980లో ఒక మ్యాచ్‌కు నిబంధన మార్చి చూశారు. ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నాడని కాదు, మొదట ఎక్కడ ఆడాడని చూడాలన్నారు. 35 ఏళ్ల ఆర్థర్ బీట్సన్ అప్పుడు క్వీన్స్‌ల్యాండ్ కెప్టెన్‌గా సొంత గడ్డ మీద దిగాడు. బ్రిస్బేన్ జనం ఊగిపోయారు. క్వీన్స్‌ల్యాండ్ 20-10తో గెలిచింది. 'స్టేట్ ఆఫ్ ఆరిజిన్' పేరుతో ఆ పోటీ ఇప్పుడు అక్కడ పెద్ద పండగ. మారింది ఆటగాళ్లు కాదు, ఆట కూడా కాదు. ఎంచే పద్ధతి ఒక్కటే.

ఆఖరి రోజు లెక్క

మరి అక్షరాల జట్లలో ఊపే లేదా? ఉందని అనంతపురమే రుజువు చేసింది. సెప్టెంబరు 22, ఆఖరి రోజు. సి ఖాతాలో 9 పాయింట్లున్నాయి. ఎ ఖాతాలో 6. రెండూ తలపడుతున్నాయి. తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఎది. డ్రా అయితే ఎకు 3 వచ్చి 9 అవుతాయి. సికి 1 వచ్చి 10 అవుతాయి. అంటే వెనకబడ్డ సికి డ్రా చాలు, కప్పు దానిదే! ఎ గెలిచి తీరాలి. 350 లక్ష్యం. సాయి సుదర్శన్ సెంచరీతో నిలబడ్డాడు. అయినా సాయంత్రం వికెట్లు టపటపా రాలాయి. సి 217కి ఆలౌటైంది. 12 పాయింట్లతో కప్పు ఎకి వెళ్లింది.

ఇక్కడ ఇంకో చమత్కారం ఉంది. టెస్టు జట్టుకు ఐదుగురిని పంపేసి, మయాంక్ అగర్వాల్ కెప్టెన్‌గా, కొత్తగా వచ్చినవాళ్లతో ఆడిన జట్టది. తారలంతా ఉన్నప్పుడు బెంగళూరులో బి చేతిలో ఓడింది. తారలు పోయాక అనంతపురంలో రెండూ గెలిచింది. 'పిలవలేదు కదా' అని ముఖం మాడ్చుకు కూర్చోకుండా, దొరికిన అవకాశాన్ని ఆడిన కుర్రాళ్ల గెలుపది.

ఆ సాయంత్రం ఇళ్లకు పోతూ మామ అడిగాడు.

"ఆడపిల్లలకు గూడా ఇట్లాటి ట్రోఫీ ఉందా?"

ఉంది. ఆ ఏడాది మార్చిలోనే పుణెలో మహిళలకు జోన్ల వారీగా మూడు రోజుల మ్యాచ్‌ల పోటీ మళ్లీ మొదలుపెట్టారు. అల్లుడు అది చెప్పి ఊరుకోలేదు. బారెడ్డి అనూష పేరు చెప్పాడు. నార్పల మండలం బండ్లపల్లి అమ్మాయి. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైన ఊరది. ఆ ఊళ్లోంచి వచ్చి, ఇదే ఆర్డీటీలో ఆట నేర్చుకుని, 2023 జులైలో బంగ్లాదేశ్‌లో భారత జట్టుకు ఆడింది.

"ఏం ఏస్తాదప్పా ఆ పాప?"

"ఎడమచేతి స్పిన్ మామా."

మామ ఇంకేం అనలేదు.

2025లో దులీప్ ట్రోఫీ జోన్లకు తిరిగొచ్చింది. మ్యాచ్‌లు బెంగళూరులోని బోర్డు సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కు వెళ్లాయి. మైదానాలు చక్కనివే. కానీ అది శిక్షణ కేంద్రం, జనం పోగయ్యే చోటు కాదు. ఫైనల్లో సౌత్ జోన్ మొదటి ఇన్నింగ్స్ 149కే ముగిసి, సెంట్రల్ జోన్ చేతిలో ఆరు వికెట్ల తేడాతో ఓడింది. జట్టుకు ఊరి పేరొచ్చింది గానీ ఊళ్లోంచి ఆట పోయింది. జోన్లా, అక్షరాలా అన్న చర్చ ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. నడవనివ్వండి. ఏది పెట్టినా రెండు చూసుకుంటే చాలు. పేపర్లన్నీ రాశాక ఫలితాలివ్వాలి. ఆ రాసేదేదో జనం కళ్ల ముందు రాయించాలి. అప్పుడు ఎంపికలో పొరపాటు జరిగినా, జరిగిందని చెప్పడానికి చూసినవాళ్లు పదిమంది ఉంటారు.

ఫైనల్ అయిన రోజు అల్లుడు ఫోన్ చేసి స్కోరు చెప్పాడు.

"అట్లయితే మన డి జట్టు యాడికి పాయె?" అన్నాడు మామ.

"డి లేదు మామా. ఈసారి సౌత్ జోన్."

"సరేలే. మళ్లా అనంతపురానికి ఎప్పుడొస్తాదో కనుక్కో. ఈ తూరి పాపను గూడా పిల్చుకొని వస్తా. ఏసేది ఎట్లనో దగ్గరుండి సూస్తాది."

"వాన పడితేనో?"

"పడనీలే. పడితే చేన్లో ఉంటాం, లేకుంటే గ్రౌండ్‌లో ఉంటాం."